ముల్లు తెలియని పళ్ళు

"ఈ పండ్లు మనిషికా సార్, షోకేసుకా?"

అంకిత నాతో మాట్లాడిన మొదటి మాట అది. 2004 జనవరి. మేడ్చల్ దాటాక హైవే పక్కన మా డెంటల్ కాలేజీ. నేను కట్టుడు పళ్ళ విభాగంలో పీజీ చివరి ఏడాది. ఆమె ల్యాబ్ టెక్నీషియన్. మేం నోట్లోంచి తీసిన కొలతలకి మైనం మీద పళ్ళు పేర్చి సెట్టు తయారుచేసే మనిషి. డాక్టరు చెప్పింది చెయ్యడమే టెక్నీషియన్ పని అని నేను మనస్ఫూర్తిగా నమ్మే రోజులవి.

"ఏమయ్యింది?" అన్నాను, నా తెల్ల కోటు కాలరు సర్దుకుంటూ.

"కొలత తప్పున్నది. పండ్లు లేనోళ్ళు దవడ ముందుకు జరుపుతరు. మీరు గట్లనే మైనం కొరికిచ్చిండ్రు."

"మీరు పేషెంట్‌ని చూశారా?"

"లే. మోడల్ జూసిన."

"నేను ఐదేళ్ళు బీడీఎస్ చదివానండీ."

"ఐదేండ్లల్ల గిది చెప్పలేదా మీకు?"

మొండికేసి అదే సెట్టు చేయించాను. మర్నాడు పెడితే ఆ పేషెంటు పెద్దాయనకి ముందు పళ్ళు ఒకచోట, వెనక పళ్ళు ఇంకోచోట తగిలాయి. ఆయన నోరు మూసినప్పుడల్లా టకటకమని చప్పుడు. సెట్టు పట్టుకుని తలొంచుకుని ల్యాబుకి వెళితే, ఆమె గెలిచినట్టు మొహం కూడా పెట్టలేదు. చీటీ అడుగున ఎర్ర పెన్నుతో "మళ్ళీ" అని రాసి నా చేతిలో పెట్టింది.

ప్రతి పనితోపాటూ ల్యాబుకి ఒక చీటీ వెళ్ళి తిరిగొస్తుంది. దాని అడుగున 'టెక్నీషియన్ రిమార్క్స్' అని ఒక గడి ఉంటుంది. మా కాలేజీలో ఆ గడి చదివిన డాక్టరు పుట్టలేదు. నేనూ ఆ బాపతే. ఆ "మళ్ళీ" ఒక్కటీ ఎర్రగా ఉంది కాబట్టి కంటపడింది.

నన్ను చాలామంది తిట్టారు. నిజం చెప్పి తిట్టింది ఆమె ఒక్కతే. అందుకే మనసు పడిపోయింది. ఆమె నోటివెంట ఒక్క మెచ్చుకోలు వినాలని ఏడాదంతా పడిగాపులు కాశాను.

నా థీసిస్ సంగతి చెప్పాలి. రెండు రకాల పళ్ళతో ముప్ఫై మందికి సెట్లు కట్టాను. దాదాపు అందరూ శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. మూడు నెలలకోసారి పిలిచి గుప్పెడు పల్లీలిచ్చేవాణ్ణి. ఇరవైసార్లు నమిలి కప్పులో ఉమ్మాలి. దాన్ని జల్లెడ పట్టి, ఎంత మెత్తగా నలిగిందో తూచాలి. నలిగినకొద్దీ నా పళ్ళు గొప్పవన్నమాట. ఉమ్మును తూకం వేసి డాక్టరేటు స్థాయి మొహం పెట్టేవాణ్ణి.

జూలైలో లెక్క తేలింది. గ్రాఫు నిటారుగా లేచింది. పైగా ఒక్కరి చిగుళ్ళ మీదా పుండు లేదు. మా ప్రొఫెసర్ రఘునందన్ గారు కుర్చీలోంచి లేచి మరీ చెయ్యి కలిపారు. సెప్టెంబరులో థీసిస్ ఇస్తే నవంబరులో కాన్ఫరెన్సు, ఆ పైన ఇక్కడే లెక్చరర్ ఉద్యోగం అన్నారు. గ్రాఫు పట్టుకుని సరాసరి ల్యాబుకి వెళ్ళాను. ఎందుకో వేరే చెప్పాలా?

"పదిహేడో నంబరు చూడండి. తొంభై శాతం."

అంకిత కాయితం వంక చూసి, మళ్ళీ చేతిలోని మైనం గీకుకుంది. "పదిహేడుకు పేరున్నది. ఐలమ్మ."

"ఓహో, గుర్తుపెట్టుకున్నారే."

"మా అవ్వ."

ఆర్నెల్లుగా నా పదిహేడో నంబరు ఆమె మామ్మ అని నాకు తెలియదు. అడిగితే కదా తెలిసేది.

"ఆమె ఇంట్ల తినంగ ఎన్నడన్న జూసిండ్రా?" అంది.

"ఇంట్లో చూడ్డం ప్రోటోకాల్‌లో లేదండీ."

"మస్తు ప్రోటోకాల్. ఆదివారం అలియాబాద్‌ల మా ఇంటికి రాండ్రి. పల్లీలు తేకుండ్రి."

ఆ పిలుపుని నేను ఇంకోరకంగా అర్థం చేసుకున్నాను. మా బహదూర్‌పల్లి ఇంట్లో ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే మా అమ్మ అమ్మాజీ, "ఆదివారం పూట కాలేజీ ఏంట్రా, సెంటు కొట్టుకుని మరీ" అంది. శామీర్‌పేటలో బస్సు మారుతుంటే వాన అందుకుంది. సెంటు పోయింది, ఇస్త్రీ పోయింది. అలియాబాద్ బస్టాపులో గొడుగుతో నిలబడి నన్ను చూసి అంకిత ఆపుకోలేక నవ్వింది. అప్పటిదాకా ఆ మనిషి నవ్వగా చూడలేదు. తడిసినందుకు నాకేం బాధ కలగలేదు.

"నవ్వండి. నిమోనియా వస్తే రిమార్క్స్‌లో రాయండి."

"రాస్తే చదువుతరా మీరు?" అని నవ్వు ఆపేసింది. నాకది అర్థం కాలేదు.

వాళ్ళ నాయిన బాలమల్లు పొద్దున్నే చెరువులో పట్టిన చేపలు పులుసై ఉడుకుతున్నాయి. ఐలమ్మ నన్ను చూడగానే లోపలికెళ్ళి స్టీలు డబ్బా తెచ్చింది. డబ్బాలో గుడ్డ, ఆ గుడ్డలో నా పళ్ళు. కళ్ళ ముందే పెట్టుకుని నవ్వింది. కంచం రాగానే తీసేసి మళ్ళీ గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టింది.

"మామ్మగారూ, అదేంటండీ? తినడానికే కదా పళ్ళు."

"చాపలు తినేటప్పుడు ఎట్ల పెట్టుకుంటరు బిడ్డా?" నా చదువు మీద ఆమెకి జాలేసింది. "అంగిలంత మూసేస్తివి. ముల్లు ఏడున్నదో ఎట్ల దెలుస్తది?"

అంగిలి. పై సెట్టు జారకుండా ఉండాలని అంగిలి మొత్తం ప్లాస్టిక్‌తో కప్పుతాం. మందంగా ఉంటే గట్టిగా ఉంటుందని నేను ఇంకో పొర కూడా వేయించాను. రోజూ చేపలు తినే ఇంట్లో ముల్లుని పట్టిచ్చేవి అంగిలీ నాలుకే.

"మొదటి వారం పెట్టుకునే తిన్న. ముల్లు గొంతుల వడ్డది. దవాఖాన్ల తీసిండ్రు. అప్పటిసంది నీ కాడికొచ్చేనాడే పెట్టుకుంటున్న. నువ్వు పండ్లు గట్టిన సుక్కమ్మ గూడ గంతే, శంకరయ్య గూడ గంతే."

పుండ్లు ఎందుకు లేవో అప్పుడు వెలిగింది. పెట్టుకుంటే కదా పుండ్లు.

"మరి నాతో చెప్పలేదేం?"

"నువ్వడిగితివా? పల్లీలు నమలమన్నవు, నమిలిన."

ఆమె చిగుళ్ళతోనే చేప తింటోంది. ముళ్ళు ఒక్కొక్కటీ నాలుకతో పెదవుల చివరికి తోసి కంచం అంచున పెడుతోంది. నా పౌరుషం పొడుచుకొచ్చింది. "మాది గోదావరి జిల్లా అండీ. చేపలు తినడం మాకొకరు నేర్పాలా?" అని పెద్ద ముద్ద పెట్టుకున్నాను. రెండో నిమిషంలో ముల్లు నా గొంతులో ఇరుక్కుంది. ముప్ఫై రెండు సొంత పళ్ళున్నవాణ్ణి. ఐలమ్మ ఉత్త అన్నం ముద్ద చేసి, "నమలకుండ మింగు" అని నోట్లో పెట్టింది. కళ్ళల్లో నీళ్ళతో మింగాను.

బస్టాపు దాకా వచ్చిన అంకితని అడిగాను. "మీరైనా చెప్పొచ్చుగా?"

"రాసిన. అవ్వ సెట్టు పాలిష్‌కొచ్చినప్పటి చీటీ, మార్చి పదకొండుది, తీసి జూడుండ్రి."

సోమవారం ఫైలు తెరిచాను. రిమార్క్స్ గడిలో నీలం పెన్నుతో గుండ్రటి అక్షరాలు. 'అంగిలి మందం అయింది. ముల్లు తెలుస్తలేదంట. ఒకసారి అవ్వతో మాట్లాడాలె సార్.' మిగతా చీటీలూ చదివాను. ఇంకో నాలుగు పేర్లు, అదే మాట. నన్ను నేను తిట్టుకోవడానికి కూడా కొత్త మాటలు దొరకలేదు.

వారంపాటు ఊళ్ళు తిరిగాను. ముప్ఫైలో పంతొమ్మిది మంది పళ్ళు డబ్బాల్లోనే ఉన్నాయి. పెళ్ళికీ ఫొటోకీ నా టెస్టుకీ తప్ప బయటికి రావు. ఆ సంగతి రఘునందన్ గారికి చెప్పాను.

"జల్లెడ అబద్ధం చెప్పిందా?"

"లేదు సార్."

"మరి నీకెందుకయ్యా పనికిమాలిన ఊరేగింపు? అన్నీ మొదటినుంచీ చేస్తే ఆర్నెల్లు పోతుంది. ఉద్యోగానికి ఇంకొకణ్ణి చూసుకుంటాను."

"చూసుకోండి సార్," అన్నాను. ఆ ఉద్యోగం నాకు నిజంగానే కావాలి.

ల్యాబులో ఆ మాట చెబితే అంకిత చేతిలోని మైనం పక్కన పెట్టింది. "పిచ్చోళ్ళున్నరు మీరు," అంది. తిట్టే గొంతు కాదది. అప్పుడే స్టూలు నా వైపు జరిపింది. ల్యాబులో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

మందపు ప్లాస్టిక్ బదులు అంగిలి మీద పల్చటి లోహపు రేకు వేశాం. వేడీ చల్లనా, నాలుక కదలికా తెలిసేలా. అంగిట్లో సహజంగా ఉండే గీతలు కూడా ఆమే రేకు మీదికి ఎక్కించింది. నాలుగుసార్లు "మళ్ళీ" అని తిప్పికొట్టింది. ఇప్పుడు నేను చీటీలు చదవడమే కాదు, జవాబులు కూడా రాసేవాణ్ణి. 'రేకు బాగుంది. టీ తాగారా?' 'తాగిన. గీ గడి టీ కోసం గాదు.'

ఫిబ్రవరిలో ఐలమ్మ సెట్టు తయారైంది. ఆ చీటీలో ధైర్యం చేసి రాశాను. 'నాకు మీరంటే ఇష్టం. పెళ్ళి చేసుకోవాలనుంది. మీ రిమార్క్ రాయగలరు.' రెండు రోజులు చీటీ తిరిగి రాలేదు. రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు.

ఆదివారం అలియాబాద్‌లో ఐలమ్మ కొత్త పళ్ళు పెట్టుకునే కంచం ముందు కూర్చుంది. బాలమల్లు, అంకిత, నేను చూస్తూ నిలబడ్డాం. ఆమె నమిలింది. ఆగింది. నాలుక లోపల ఏదో వెతికింది. తర్వాత పెదవుల మధ్యనుంచి సన్నటి ముల్లు తీసి కంచం అంచున పెట్టి, ఏమీ జరగనట్టు ఇంకో ముద్ద కలుపుకుంది.

అంకిత చీటీ నా జేబులో పెట్టింది. అటు తిరిగి చదివాను.

'మీరు రాసేతందుకు ఆర్నెల్లు వట్టె. నేను మా ఇంట్ల చెప్పి రెండు నెలలాయె. మీ అమ్మకు జల్దీ చెప్పుండ్రి.'

తలెత్తేసరికి బాలమల్లు నాకు పీట వేస్తున్నాడు. ఐలమ్మ తన కంచంలోంచి చేపముక్క ఒకటి నా కంచంలోకి జరిపింది.

"తిను బిడ్డా," అంది. "ముల్లు తీసిన."