బైబిలు వెనక మీటరు

"మీటరు బిగించాల. కానీ ఎవురికీ కనపడకూడదు," అంది సుజన.

శాంతికుమార్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆత్మకూరు బస్టాండు పక్కన ఆటో ఎలక్ట్రికల్ షాపు పెట్టినప్పటి నుంచీ ఇలాంటి గిరాకీ తగల్లేదు.

"కనపడని మీటరు దేనికి టీచరమ్మా?"

"నాకు కనపడితే చాలబ్బా. మా నాయన కంట పడిందంటే నిన్నూ నన్నూ కలిపి బండి కింద ఏస్తాడు."

వాళ్ల నాయన చెంచయ్య ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు రోజూ వ్యాను తోలతాడు. ఆత్మకూరులో పంతులమ్మ ఉద్యోగం చేస్తున్న సుజన అందులోనే, ముందు సీట్లో, వచ్చిపోతుంటుంది. ఇంజిన్ వేడెక్కితే వాసన పట్టేస్తానని, తన ముక్కును మించిన మీటరు లోకంలో లేదని చెంచయ్య నమ్మకం. ఏళ్ల తరబడి నశ్యం పీల్చిన ఆ ముక్కు ఎప్పుడో రిటైరయిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.

తొంభై మూడు ఎండాకాలంలో మర్రిపాడు మిట్ట ఎక్కుతూ ఆ వ్యాను పొగలు కక్కింది. రిపేరుకు ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. ఇంకోసారి ఇలా అయితే పాత ఇనుప సామాన్లకే అని మేస్త్రీ ముందే చెప్పేశాడు. ఇప్పుడు మళ్లీ ఎండాకాలం వచ్చింది.

చెంచయ్య అన్నం తిని చెట్టు కింద కునుకు తీస్తుండగా శాంతికుమార్ పని కానిచ్చాడు. ఇంజిన్ దగ్గర నుంచి సన్నటి రాగి గొట్టం చాటుగా లాగి, టెంపరేచర్ మీటరును సుజన సీటు ఎదురుగా ఉన్న సొరుగులో కూర్చోబెట్టాడు. దానికి అడ్డంగా సుజన తన బైబిలు పెట్టింది.

"ముల్లు ఎర్రగీత కాడికి వస్తే బండి ఆపి చల్లార్చాల. ఏం చెప్పి ఆపిస్తారు?"

సుజన బైబిలు అట్ట తట్టింది. "ప్రార్థన చేసుకుందాం నాయనా అంటా. ఆ మాటంటే ఎంత స్పీడులో ఉన్నా బ్రేకేస్తాడు."

అలాగే అయింది. మర్రిపాడు మిట్ట రాగానే సుజన బైబిలు తీసేది, ముల్లు చూసేది, "నాయనా, ప్రార్థన," అనేది. వ్యాను ఆగేది. ముల్లు త్వరగా దిగితే చిన్న ప్రార్థన. దిగకపోతే అనంతసాగరం రైతుల నుంచి దేశాధినేతల దాకా అందరి పేరా ప్రార్థన జరిగేది.

రోజూ సరుకులకొచ్చే ఉదయగిరి కొట్టు మాలకొండయ్య మొదట్లో సణిగాడు. తర్వాత నుదుటి బొట్టుతోనే కళ్లు మూసుకుని, "పాపా, పన్లో పని, చింతపండు రేటు సంగతి కూడా ఒక మాట చెప్పమ్మా," అని అడగడం మొదలెట్టాడు.

ఇక శాంతికుమార్. మీటరు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలని శనివారం శనివారం వ్యానెక్కేవాడు. మీటరు చక్కగానే ఉంది. అయినా ఎక్కేవాడు. అందరూ కళ్లు మూసుకున్న వేళ ముల్లు కోసం సుజన ఒక కన్ను తెరిచేది. వెనక సీట్లోంచి అతను రెండు కళ్లూ తెరిచేవాడు. ఒకరోజు చూపులు కలిశాయి. సుజన ప్రార్థనలో ఏ దేశం దగ్గరున్నదో మర్చిపోయి మళ్లీ అనంతసాగరం నుంచి మొదలెట్టింది.

అంతా బాగుందనుకునేలోగా చెంచయ్య అక్క లిదియమ్మ ఊడిపడింది. ఇంత భక్తిగల పిల్లను సువార్తికుడికి ఇవ్వకుండా ఇంకెవరికిస్తామని కొండాపురం నుంచి దయాసాగర్ సంబంధం తెచ్చింది.

సుజన తిన్నగా షాపుకొచ్చింది. "నీ మీటరు నా కొంప ముంచింది!"

"మీటరు ఉండాదని నిజం చెప్పేయండి."

"ఎట్టా చెప్పేది? నీ ముక్కు పనిచెయ్యడంలా నాయనా అని మొగానే అనాలా? అమ్మ పోయినాక ఆయనకు మిగిలింది ఆ గొప్పొక్కటే."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే కొండాపురం."

శాంతికుమార్ గుండెల్లో ఉన్నదంతా గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచాడు. "టీ తాగతారా?" అన్నాడు.

"తాగను," అని సుజన విసవిసా వెళ్లిపోయింది.

శనివారం పెళ్లిచూపులకని లిదియమ్మ, దయాసాగర్ ఆత్మకూరులో వ్యానెక్కారు. వెనక సీట్లో మాలకొండయ్య, ఆయన పక్కన శాంతికుమార్.

"మా సుజన ప్రార్థన చేస్తే రాళ్లు కూడా కరుగుతాయి," అంది లిదియమ్మ.

"అది వినాలనే వచ్చినానమ్మా," అన్నాడు దయాసాగర్ సంతోషంగా.

మర్రిపాడు మిట్ట వచ్చింది. సుజన బైబిలు పక్కకు జరిపింది. ముల్లు ఎర్రగీతను తాకబోతోంది. ప్రార్థన చేస్తే పెళ్లి ఖాయం, చెయ్యకపోతే ఇంజిన్ ఖతం. సుజన పెదాలు బిగించి కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"చెంచయ్య గారూ, బండి ఆపండి! ప్రార్థన!" వెనక నుంచి కేక.

బ్రేకు పడింది. ఇంజిన్ ఆగింది. "ఎవురబ్బా చేసేది?"

"నేనే," అన్నాడు శాంతికుమార్. పుట్టి బుద్ధెరిగాక అతను నలుగురిలో ప్రార్థన చేసింది లేదు.

"ప్రభువా... ఈ బండిని కాపాడు. రేడియేటర్‌ను కాపాడు. ఫ్యాన్ బెల్టును కాపాడు..." ఒక కన్ను తెరిచి సీట్ల సందులోంచి మీటరు చూశాడు. ముల్లు దిగలేదు. "దోవలో గొర్రెల్ని కాపాడు. చింతపండు రేటు..." ముల్లు వెంట్రుకవాసి కదిలింది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. మిగిలింది ఒక్కటే.

"ప్రభువా, సుజనంటే నాకు ప్రాణం. అడగాలని పోతే నోట్లో టీ మాటొచ్చింది. ఆ పిల్లను ఇంకెవురికీ ఇవ్వబాక."

ముందు సీట్లోంచి సన్నటి గొంతు వినిపించింది. "ప్రభువా, నాదీ అదే ప్రార్థన."

"ఆమెన్!" అన్నాడు మాలకొండయ్య అందరికంటే ముందు.

"ఇదేం అన్యాయంరా చెంచా!" లిదియమ్మ లేచింది.

"కూర్చోండమ్మా," అన్నాడు దయాసాగర్ నిట్టూర్చి. "ఇద్దరూ దేవుడికాడ చెప్పుకున్నాక మజ్జెలో నేనెందుకు?"

చెంచయ్య మాత్రం ఇంకా కళ్లు తెరవలేదు.

"ముల్లు దిగిందా పాపా?" అన్నాడాయన.

సుజన బిత్తరపోయింది. "నాయనా... నీకు..."

"పొద్దున్నే ఇంజిన్ తుడిచేది నేనే గదా. కొత్త గొట్టం కనపడదా? ముక్కు పోయిందిగానీ కళ్లు ఉండాయి." ఆయన కళ్లు తెరిచి కూతురి వైపు తిరిగాడు. "అమ్మ పోయినాక నువ్వు ప్రార్థనే మానేసినావు. నా బండి కోసమైనా మళ్లీ మొదలెట్టినావు గదా అని ఊరకుండినాను."

సుజన ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

చెంచయ్య కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగాడు. "ఏం పిలకాయా, ముందుకు రా. ఆ మీటరు నాకు కూడా కనపడేట్టు ఇటు బిగించు. రేపు మీ పెద్దోళ్లను తీసుకునిరా, మాట్లాడతా. వాళ్ల ముందర కూడా టీ టీ అనబాక."

మీటరు డ్యాష్‌బోర్డు మీదికి వచ్చింది. ఇప్పుడు ముల్లు ఎర్రగీతకు చాలా దూరంలో ఉన్నా చెంచయ్య మర్రిపాడు మిట్ట మీద బండి ఆపుతాడు. అందరూ కళ్లు మూసుకుంటారు, ఇద్దరు తప్ప.