సిరిసిల్లలో చెవుల క్యాంపు

సిరిసిల్ల మాట ఎవరెత్తినా నీలకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఓ గళ్ల చొక్కా. ఆ తర్వాతే ఊరు.

ఆ ఏడు నీల కోరుట్లలో ఇంటర్ ముగించి, మలేషియాలోని ఓ మెడికల్ కాలేజీలో స్కాలర్‌షిప్ సీటుకు అప్లై చేసింది. నీట్ గట్టెక్కింది, మార్కులూ ఉన్నాయి. అయినా జగిత్యాలలోని కన్సల్టెన్సీ సారు ఫైలు తిరగేసి పెదవి విరిచాడు. మార్కులు అందరికీ ఉంటాయట. ఆటో, పాటో, సేవో ఏదో ఒకటి చూపించకపోతే ఇంటర్వ్యూలో నిలబడడం కష్టమట. నీలకు ఆటా రాదు, పాటా రాదు. సేవ ఒక్కటే మిగిలింది.

అలా దోస్తు సల్మాను వెంటబెట్టుకుని, ఓ ఆదివారం సిరిసిల్ల నేత కార్మికులకు చెవులు పరీక్షించడానికి సంఘం హాల్లో కుర్చీ వేసుకుంది. ఎలా చేయాలో జగిత్యాల చెవి డాక్టరు నేర్పించాడు. మనిషి వెనక నిలబడి మెల్లగా ఓ మాట అనాలి, వాళ్లు తిరిగి చెప్పాలి. చెప్పలేనివాళ్లను ఆయన దగ్గరికి పంపాలి.

పెద్దవాళ్ల వీపు వెనక నిలబడి గుసగుసలాడటం నీలకు మర్యాద అనిపించలేదు. ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూసి అడిగింది. అందరూ టక్కున చెప్పారు. ఏళ్ల తరబడి సాంచాల, అంటే మరమగ్గాల హోరులో బతికినవాళ్లలో ఒక్కరికీ చెవుడు లేదు. నీల మురిసిపోయింది.

హాలుకు అటు చివర గళ్ల చొక్కా అబ్బాయి టీ గ్లాసులు అందిస్తున్నాడు. పేరు దినేశ్. కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ, సెలవుల్లో తండ్రి షెడ్డులో సాంచాలు నడుపుతాడు. జనాన్ని పోగేసింది అతనే. అతని చూపు మాటిమాటికీ ఇటే వస్తోంది. నీల సల్మా వైపు వంగి, గొంతు తగ్గించి, ఆ అబ్బాయి దారం చుట్టే కండెలా సన్నగా ఉన్నాడనీ, చూపులు మాత్రం లావేననీ అంది.

కాసేపటికి అతనే టీ పట్టుకుని వచ్చాడు.

"కండె సన్నగుంటెనే సాంచ నడుస్తది డాక్టరమ్మా."

నీల మొహం కందిపోయింది. "గంత దూరం మీకెట్ల ఇనబడ్డది?"

"ఇనుడేంది? మీ పెదవులు జూసిన. సాంచాల కాడ మాట ఎవలకు ఇనస్తది? మేమందరం గట్లనే మాట్లాడుకుంటం."

సల్మా నవ్వింది. నీల నవ్వలేదు. పొద్దుటి నుంచి తన మాట ఎవరూ వినలేదు, చూశారంతే.

రిపోర్టు ఆ సాయంత్రమే పంపాలి. మళ్లీ చేస్తానని ఫోన్‌లో అంటే కన్సల్టెన్సీ సారు మండిపడ్డాడు. ఉన్నదే పంపమన్నాడు, మలేషియా నుంచి వచ్చి ఎవరు చూస్తారన్నాడు, లేదంటే సీటు మీద ఆశ వదులుకోమన్నాడు. నీల చాలాసేపు హాలు మెట్ల మీద కూర్చుంది. చివరికి జరిగింది జరిగినట్టు కాలేజీకే రాసి, గడువు అడిగింది. వారం ఇచ్చారు.

మళ్లీ ఆదివారం దినేశ్ షెడ్డు షెడ్డుకూ తిరిగి అందరినీ తీసుకొచ్చాడు. ఈసారి నీల వెనకే నిలబడింది. సగం మంది నోరు మెదపలేదు. ఒకటికి రెండుసార్లు పలికాక, దినేశ్ నాయనమ్మ లసుమవ్వ మెల్లగా అడిగింది.

"ఇంక షురూ జెయ్యవా బిడ్డా?"

చివర్న దినేశ్ నవ్వుతూ కూర్చున్నాడు. బయట వాన మొదలైంది. నీల అందరితో అన్నట్టే పరీక్ష మాటగా మామిడికాయ అనబోయింది. నోటికి వేరే మాట వచ్చింది.

"నువ్వంటె నాకిష్టం."

అతను కదల్లేదు. మాట కోసం బుద్ధిగా ఎదురుచూస్తూ కూర్చునే ఉన్నాడు.

నీల చుట్టూ తిరిగి ముందుకొచ్చి, మొదట చెవి సంగతే చెప్పింది. రేపే జగిత్యాల వెళ్లి చూపించుకోవాలంది, ఇక షెడ్డులో చెవులకు అడ్డం లేకుండా ఉండొద్దంది. అతను సరేనని తలూపాడు.

"మరి ఎనక నిలవడి ఏమన్నరు?"

ఎవరికీ వినపడకూడదని, గొంతు లేకుండా పెదవులతోనే మళ్లీ చెప్పింది.

దినేశ్ చటుక్కున లేచాడు. అతని వెనక బెంచీల మీది ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వారు. అప్పుడు గానీ నీలకు తట్టలేదు, తాను హాలంతటికీ చెప్పేసిందని.

"సిగ్గెందుకు బిడ్డా," అంది లసుమవ్వ. "చదువుకొని రాపో. వీడు యాడికి వోడు, నేన్ జూస్కుంట."

సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో ఆ క్యాంపు గురించి అడిగితే, నీల మొదటి ఆదివారం సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. రెండో ఆదివారం సంగతి సగమే చెప్పింది.