మైక్ పట్టిన కెప్టెన్

జనగామ స్టేషన్ రోడ్డు లాడ్జిలో కో-పైలట్ సంజీవ శవం దొరికింది. పక్కనే సగం తాగిన టీ. అందులో సైనైడ్. అది 1978 జనవరి.

ఆ మధ్యాహ్నమే ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోలో, నల్ల తెర వెనక, గూఢచారి విభాగం చీఫ్ దామోదర్ ఫైలు తెరిచాడు.

"భూపాలపల్లి అడవుల ఏరియల్ సర్వే. ఆ ఫిల్ములు ఒక విదేశీ ముఠాకు కావాలె. సంజీవకు తెలిసింది, చంపిన్రు. మూడు వారాల ట్రైనింగ్ తర్వాత ఆ సీటు నీది."

"పేరు?"

"రఘువీర్."

ఏజెంట్ 31 తలూపాడు. తొమ్మిదేళ్లలో అది పద్నాలుగో పేరు. అరవై తొమ్మిది ఉద్యమంలో జనగామలో లాఠీలు తిన్న ఈ గంగారం తండా పిల్లగాణ్ణి లాకప్‌లోంచి తీసుకుపోయింది దామోదరే. అప్పటి నుంచి అతన్ని టీక్యా అని పిలిచినవాళ్లు లేరు. తండాలో అక్క రుక్కికి తమ్ముడు బతికున్నాడని కూడా తెలియదు.

"విమానంల ఇద్దరుంటరు. కెప్టెన్ ప్రభాకర్. కెమెరా మనోరమ, ఆమె మన మనిషే."

"నమ్మొచ్చా సార్?"

"వాళ్ల మనిషి కూడా." దామోదర్ ఫైలు మూశాడు. "జర యాదికుంచుకో. కాక్‌పిట్‌ల ఒకడు నడుపుతడు. రెండోవాడు గేజులు చూస్తడు, చెక్‌లిస్ట్ చదువుతడు, రేడియోల మాట్లాడుతడు. ఒకని పని ఇంకొకడు ముట్టడు. కంట్రోల్ చేతులు మారితే నోటితోని చెప్పుకోవాలె. నువ్వు అన్ని ఒక్కనివే చేసుకునేటోనివి. అక్కడ గట్ల నడువది."

ఫిబ్రవరిలో, ఘనపూర్ దగ్గరి సర్వే రన్‌వే మీద, నల్లకళ్లద్దాల మనోరమ కెమెరా పెట్టె మోసుకొచ్చింది. అందగత్తె. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"జనగామల వానలు పడ్డయా?" అన్నాడు టీక్యా.

"పడ్డయ్ గని చెరువు నిండలే."

కోడ్ సరిపోయింది. విమానం చుట్టూ తిరిగి చూడటం కో-పైలట్ పని గనక చూశాడు. పారాచూట్లు రెండే ఉన్నాయి. ఒకటి కెప్టెన్‌ది, ఒకటి కెమెరా చూసే మనోరమది. రెండో సంచిలో పాత పేపర్లు కుక్కి ఉన్నాయి. ఎవరి పనో తేలక నోరు మెదపలేదు.

గంటసేపు ప్రభాకర్ వేలెత్తి చూపడానికి వీల్లేకుండా నడిపాడు. "తమ్మీ, ఎత్తు?" అంటే టీక్యా చెప్పేవాడు. టవర్‌తో మాటలన్నీ టీక్యావే.

కింద ఎర్రగా కల్లాలు కనిపించాయి. మిర్చి ఆరబోశారు. వాగు వంపు, గుట్ట, పెంకుటిళ్లు. గంగారం! తన తండా! అక్క ఆ కల్లంలోనే ఉంటుందేమో. పైన ఎగిరేది తమ్ముడని ఆమెకు ఎవరు చెప్తారు? టీక్యాకు ఏడుపొచ్చింది. కళ్లు గేజుల మీదికి తిప్పుకున్నాడు.

అప్పుడే ప్రభాకర్ తానే మైక్ అందుకుని ఆపద పిలుపు ఇచ్చాడు.

"మేడే! టేకుమట్ల మీదున్నం. రెండు ఇంజన్లు ఆగినయ్!"

ఇంజన్లు శుభ్రంగా తిరుగుతున్నాయి. నడిపేవాడు మైక్ ముట్టుకున్నాడంటే పక్కవాడితో చెప్పించలేని మాటేదో ఉంది. విమానం ఇక్కడ కూలుతుంది, వెతికేవాళ్లు ఎక్కడో ఉన్న టేకుమట్లలో వెతుకుతారు, ఫిల్ముతో వీడు అడవిలో దిగుతాడు. టీక్యా తన తండా మీదే పడి, రఘువీర్ పేరుతో కాలిపోతాడు. అక్క కల్లం పక్కన అనాథ శవం.

ప్రభాకర్ విమానం ముక్కు కిందికి వంచి సీట్లోంచి లేచాడు. చేతిలో రివాల్వర్. "నీ కంట్రోల్" అనలేదు.

"మనోరమా, దుంకుదాం పా!"

ఆమె అప్పటికే సంచి తగిలించుకుంది.

"అక్కా, నీ సంచిల పాత పేపర్లున్నయ్," అన్నాడు టీక్యా. "పొద్దున చూసిన."

"అబద్ధం!" అరిచాడు ప్రభాకర్.

మనోరమ సంచి మూత లాగింది. పేపర్లు కాక్‌పిట్ నిండా ఎగిరాయి. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. అందులోంచి దూసుకొచ్చిన మత్తు సూది ప్రభాకర్ మెడలో దిగింది. రివాల్వర్ జారింది, మనిషి కూలాడు.

"నా కంట్రోల్!" అని టీక్యా ముక్కు పైకి లాగాడు. గుట్ట చెట్లు విమానం పొట్ట కిందనుంచి పోయాయి. "నేను నడుపుత. నువ్వు ఆ సీట్ల కూసొని లిస్టు చదువు. ఏదీ ఇడువకు."

ఘనపూర్ రన్‌వే కనిపించగానే అతను ఆమెను మరిచిపోయాడు. ఒక్కడే పనిచేసిన అలవాటు ఎక్కడికి పోతుంది? స్పీడు తగ్గించి నేలకు వంచాడు. రెండు వందల అడుగులు.

"చక్రాలు!" కేక వేసింది మనోరమ. "లిస్టుల ఉంది. దించినవా?"

దించలేదు. పొద్దున గాల్లోకి లేవగానే చక్రాలను పైకి మడిచింది టీక్యాయే. చటుక్కున మీట లాగాడు. చక్రాలు దిగాయని పచ్చ దీపం వెలగడం, అవి నేల తాకడం ఒకేసారి జరిగాయి.

దుమ్ము అణిగింది. దూరంగా జీపుల మోత.

"నీ పేరేంది?" అంది మనోరమ.

"రఘువీర్."

"గది కాదు. అసలుది."

చెప్పకూడదు. అయినా చెప్పాడు. "టీక్యా."

"టీక్యా," అందామె మెల్లగా. తొమ్మిదేళ్ల తర్వాత ఆ పేరు విని అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. మళ్లీ చూసేసరికి ఆమె జొన్నచేలో దిగి మాయమైంది. ఫిల్ము పెట్టె మాత్రం సీటు మీదే ఉంది.

స్టూడియో నల్ల తెర వెనక, సంగతంతా విని దామోదర్ మండిపడ్డాడు. "పేరు చెప్పినవా? శత్రువుకు పేరు తెలిస్తే ఎంత డేంజరో ఎరుకేనా?"

"తెలువనీయ్ సార్," అన్నాడు టీక్యా. "మీకైతే ఆ పేరే యాదికి లేకపాయె."