పొయ్యి అంటుకుందా?

వంటింటి గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని పెద్దావిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తీసిన ఈనె తీసినట్టు ఒళ్ళోని పాత పేపరు మీద పడుతోంది. చేతుల పని చేతులది. నోరు మాత్రం మాట్లాడుతోంది.

ముందు ఒక గొంతు, కాస్త లావుగా, తీరిగ్గా ఏదో అడిగింది. వెంటనే ఇంకో గొంతు, సన్నగా, గబగబా జవాబు చెప్పింది. లావు గొంతు మందలించింది. సన్న గొంతు నవ్వింది. రెండూ పెద్దావిడ గొంతులే.

బాల్కనీలో తీగ మీద బట్టలు తీస్తున్న కోడలు, చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని వింది. అది అత్తగారి పుట్టింటి భాష. దానికి రాత లేదు, పుస్తకాలు లేవు. రోజూ పొద్దున్నే అత్తగారి అక్క ఫోన్ చేసేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ భాషలోనే కబుర్లాడుకునేవారు. వానాకాలంలో అక్క పోయింది. ఫోన్ ఆగిపోయింది. కొన్నాళ్ళు వంటిల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ తర్వాత, అదే వేళకి, ఈ రెండు గొంతులూ మొదలయ్యాయి.

"ఎవరితో అత్తయ్యా కబుర్లు?"

పెద్దావిడ ఉలిక్కిపడింది. అంతలోనే సర్దుకుంది. "ఎవరితో ఏమిటి? చిక్కుడుకాయలతో."

"ఏమంటున్నాయేం?"

"ముదిరిపోయాం, మీ ఆయనకి కూరలు కొనడం రాదు అంటున్నాయి."

కోడలు నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వింది కానీ, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. ఇంకో కాయ తీసుకుని ఈనె లాగింది.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి, భార్యని బాల్కనీలోకి లాగి తలుపు దగ్గరికి వేశాడు.

"ఇవాళ కూడానా?"

"కాస్త మెల్లగా అనండి."

"కింద ఇంటాయన అడిగాడు, మీ ఇంటికి చుట్టాలొచ్చారా అని. ఏం చెప్పమంటావు? శుక్రవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం." గొంతు తగ్గించాడు. "నిన్న ఫోన్లో రికార్డు చేశాను. డాక్టరు అడిగితే అమ్మ చిక్కుడుకాయలంటుంది. ఆయనకి వినిపించాలిగా."

"చెప్పకుండా రికార్డు చేస్తారా ఎవరైనా? అదేం పనండీ!"

"మా మేనత్తకి ఇలాగే మొదలైంది. తనలో తను మాట్లాడుకునేది. చివరికి నా మొహం చూసి ఎవరు బాబూ నువ్వు అంది." అతను తీగ పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మ కూడా అలా అడిగితే నేను తట్టుకోలేను."

కోడలు తీగ మీద మిగిలిన బట్టలు తీసి భుజాన వేసుకుంది.

ఆ సాయంత్రం పెద్దావిడ నడకకి వెళ్ళింది. కొడుకు ముందు గదిలో కూర్చుని, ఫోన్ భార్య చెవి దగ్గర పెట్టి రికార్డు వినిపిస్తున్నాడు. లావు గొంతు అడిగింది. సన్న గొంతు జవాబు చెప్పింది.

"అక్క!"

ఇద్దరూ తిరిగి చూశారు. శాలువ మరిచిపోయి వెనక్కి వచ్చిన పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. కొడుకు కంగారుగా ఫోన్ ఆపబోయాడు.

"ఆపకురా! అక్క గొంతు నీ ఫోన్లోకి ఎలా వచ్చింది?"

"అది నీ గొంతేనమ్మా."

పెద్దావిడ ఫోన్ వంకా, కొడుకు వంకా, తల వంచుకున్న కోడలి వంకా చూసింది. మొహంలో వెలుగు మెల్లగా దిగిపోయింది.

"అంటే, నన్ను దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నావన్నమాట."

"డాక్టరుకి వినిపిద్దామనమ్మా. నీలో నువ్వే ఇద్దరు మనుషుల్లా మాట్లాడుకుంటుంటే నాకు భయం వేయదా?"

"పిచ్చెక్కింది అనుకున్నావా?"

"నేను ఆ మాట అనలేదు."

"నోటితో అనలేదు, అంతే."

"మరి నేనేమనుకోవాలి? అడిగితే ఒక్కసారైనా సరిగ్గా చెప్పావా?" కొడుకు గొంతు పెరిగింది.

కోడలు లేచి కుర్చీ జరిపింది. పెద్దావిడ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడే చెప్పింది.

"మా ఇళ్ళలో పొద్దున్నే చిన్నవాళ్ళు ముందు మాట్లాడరు. పెద్దవాళ్ళు 'పొయ్యి అంటుకుందా?' అని అడగాలి. 'అంటుకుంది, రా కూర్చో' అని చిన్నవాళ్ళు అనాలి. ఆ రోజుకి మాటలు అక్కడ మొదలు. మా తాతలు ఊరూరా సరుకు మోసుకు తిరిగేవాళ్ళట. రాత్రి ఎక్కడ ఆగితే అదే ఇల్లు. తెల్లారి పొయ్యి అంటుకుందంటే, మనుషులు బతికే ఉన్నారు, తిండి ఉంది అని. నడక మానేసి ఇళ్ళు కట్టుకున్నాం, గ్యాసు పొయ్యిలొచ్చాయి. అక్క మాత్రం ఫోన్లో కూడా అదే అడిగేది."

కుర్చీ వీపుని చేత్తో ఒకసారి తుడిచింది.

"ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. పోనీ నేనే అడుగుదామంటే, జవాబు చెప్పే చిన్నవాళ్ళేరి? అందుకే అక్క మాట కూడా నేనే అంటున్నాను. మీ మాటల్లో నేను అమ్మని, అత్తని, పెద్దావిడని. ఆ మాటల్లోనే ఒకళ్ళకి చెల్లెల్ని."

"మరి నాకెందుకు నేర్పలేదు?" అన్నాడు కొడుకు. అనగానే అతని మొహం మారిపోయింది.

"నేర్పాను. బడికి వెళ్ళేదాకా గలగలా మాట్లాడేవాడివి. ఒకరోజు బడి గేటు దగ్గర నిన్ను పిలిచాను. పరుగెత్తుకొచ్చి నా నోరు మూసి, 'ఇక్కడ ఆ మాటలొద్దమ్మా, అందరూ నవ్వుతున్నారు' అన్నావు."

"చిన్నపిల్లాణ్ణమ్మా..."

"నిన్నేమీ అనడం లేదురా. సరేనన్నదాన్ని నేనే."

శాలువ తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. నడకకి వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లో కత్తి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆ మర్నాడూ అంతే. కోడలు కావాలని బట్టలు మెల్లగా తీసింది, కొళాయి కట్టేసి చెవి పెట్టింది. లావు గొంతు లేదు, సన్న గొంతు లేదు. ఒకే చావు ఇంట్లో రెండోసారి జరిగినట్టనిపించింది ఆమెకి. 'చిక్కుడుకాయలు ఇవాళ ఏమంటున్నాయి అత్తయ్యా?' అని అడిగి చూసింది. "ఏమీ అనడం లేదమ్మాయ్" అంది పెద్దావిడ.

కొడుకు కూడా ఎక్కువ మాట్లాడటం లేదు. గడ్డం గీసుకునేటప్పుడూ చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యడం లేదు. సబ్బు నురగ మధ్య పెదాలు కదులుతుండటం కోడలు అద్దంలో చూసింది.

శుక్రవారం పొద్దున, "డాక్టరు?" అంది.

"రావడం లేదని చెప్పేశాను."

పనిముట్ల సంచి భుజాన వేసుకుని, అతను వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పెద్దావిడ పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ముందేసుకుని ఉంది. అతను గొంతు సవరించుకున్నాడు. తర్వాత లావుగా, తీరిగ్గా, ఒక్క వాక్యం అడిగాడు.

ఆ మాటలు కోడలికి అర్థం కావు. కానీ ఆ తీరు తెలుసు. అది అత్తగారి అక్క గొంతు.

పెద్దావిడ వేళ్ళు ఆగిపోయాయి.

"ఒరేయ్!" అంది తలెత్తి. "అది పెద్దవాళ్ళు అడగాలిరా. కొడుకు అమ్మని అడుగుతాడా ఎక్కడైనా?"

అతను నాలిక్కరుచుకున్నాడు. ఫోన్లోని మొదటి వాక్యం పొల్లుపోకుండా పట్టుకున్నాడు కానీ, అది ఎవరు ఎవరిని అడగాలో అమ్మ చెప్పిన మాట మరిచిపోయాడు.

పెద్దావిడకి నవ్వొచ్చింది. నవ్వి నవ్వి, చిక్కుడుకాయ పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. తుడిచిన కొద్దీ నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

"నన్ను మళ్ళీ చెల్లెల్ని చేశావు కదరా" అంది.

అప్పుడు నిటారుగా కూర్చుని, చెంగు సర్దుకుని, సన్న గొంతుతో గబగబా జవాబు చెప్పింది. చెప్పి, అతని మొహంలోకి చూస్తూ ఆగింది. ఇక మాట్లాడాల్సింది అతనే.

అతని దగ్గర ఇంకో వాక్యం లేదు. పెదాలు విప్పాడు. రోజూ మాట్లాడే భాషలో ఏదో మాట నోటిదాకా వచ్చినట్టుంది, మింగేశాడు. వంగి, తల్లి ఒళ్ళోంచి జారిపోయిన పేపరు తీసి మళ్ళీ ఒళ్ళో పరిచాడు. బూట్లు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

బాల్కనీలోంచి కోడలికి కనిపించాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, ఆగి, జేబులోంచి ఇయర్‌ఫోన్ తీసి చెవిలో పెట్టుకున్నాడు.