చోప్ తాత

కేశవరావు టేబుల్ మధ్యలో ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టాడు.

"తియ్యి," అన్నాడు.

నిశాంత్ తీశాడు.

"చచ్చావు. నీకంటే ముందు వచ్చిన ఏజెంటు కూడా ఇలాగే తీశాడు. మూడు రోజుల తరవాత పాసిర్ రిస్ తీరంలో తేలాడు."

రెండు వేల పదమూడు, ఏప్రిల్. జురాంగ్ ఈస్ట్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాటు. కేశవరావు ఢిల్లీలో బోర్డు లేని ఒక డిపార్ట్‌మెంటుకి అధిపతి. జేబులో ఉన్న కార్డు మీద మాత్రం 'సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్' అని ఉంటుంది. ఆ రోజుల్లో సింగపూర్‌లో అలాంటి కార్డు లేని తెలుగువాణ్ణి పట్టుకోవాలంటేనే ఒక ఏజెంటు కావాలి.

"ఈ ఊళ్ళో హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే షెడ్డులో, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ సీటు రిజర్వయినట్టు. చోప్ అంటారు. యజమాని వచ్చేదాకా ఎవ్వరూ ముట్టుకోరు. అంటే ఏమిటి?"

"ఊరంతా కాపలా కాసే తపాలా పెట్టె, సర్."

"అదీ! ఇప్పుడు బుర్ర పనిచేసింది."

విషయం సూటిగా చెప్పేశాడు. దక్షిణాదిలో నాలుగు రాష్ట్రాల కరెంటును నడిపే సాఫ్ట్‌వేర్‌కి చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఒక కంపెనీ సపోర్టు ఇస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్ మాస్టర్ కీని ఒక విదేశీ ముఠా దొంగిలించింది. శుక్రవారం అది గోరంత మెమరీ కార్డులో, టిష్యూ ప్యాకెట్ లోపల చేతులు మారుతుంది. కొనేవాడు దాన్ని తన సర్వర్‌కి ఎక్కించాడంటే ఆపరేషన్ థియేటర్లతో సహా అంతా చీకటే.

"ప్యాకెట్ పెట్టేది తన్మయి. ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తోంది. ఒంటిగంటకి, ఆ కంపెనీ పక్కనున్న హాకర్ సెంటర్‌లో ఇరవై ఏడో నంబర్ టేబుల్. ఒకటిన్నరకి కొనేవాడు వస్తాడు. వాడి ముఖం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కార్డు చేతిలో ఉండగా వాణ్ణి పట్టుకోవాలి. కోడ్ 'బిల్డ్ బ్రేక్ అయింది'. నువ్వా మాట అన్న నిమిషంలో పోలీసులు దిగుతారు."

నిశాంత్‌కి తన్మయి తెలుసు. మూడు నెలలుగా అతను అదే కంపెనీలో టెస్టర్ వేషంలో ఉన్నాడు. ఆమె రిలీజ్ మేనేజర్. మూడు ఫోన్లు, ఎత్తు చెప్పులు, ఎవరికీ పూర్తిగా దక్కని నవ్వు. ఆ నవ్వు తన వైపు తిరిగిన రోజున నిశాంత్ రెండు టెస్ట్ కేసులు మర్చిపోయేవాడు.

అతని భయం ముఠా గురించి కాదు, మనవాళ్ళ గురించి. హైదరాబాద్ నుంచి పన్నెండుమంది కొత్త ఇంజనీర్లు ఆ వారమే దిగారు. వాళ్ళకి చోప్ తెలియదు. ఖాళీ టేబుల్ కనిపిస్తే ప్యాకెట్ పక్కకి నెట్టి, నలుగురి టేబుల్ చుట్టూ ఎనిమిదిమంది కూచుంటారు. వీలైతే ఆ టిష్యూలతోనే మూతి తుడుచుకుంటారు.

అందుకే గురువారం మధ్యాహ్నం అతను బసవయ్య దగ్గరికి వెళ్ళాడు.

బసవయ్యకి అరవై ఎనిమిదేళ్ళు. ఆ హాకర్ సెంటర్‌లో టేబుళ్ళు తుడుస్తాడు. వాళ్ళ తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. బసవయ్య పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. టేబుల్ మీద ఎవరైనా గొడుగు మర్చిపోతే నెలైనా దాచి ఇచ్చేవాడు. ఆ ప్రాంతంలో అందరికీ ఆయన మాట మీద గురి. ఆయనకున్న ఆస్తల్లా ఆ గురి ఒక్కటే.

"అంకుల్, రేపు ఇరవై ఏడో టేబుల్ మీద ప్యాకెట్ ఉంటది. ఒకటిన్నరకి ఒకాయన వచ్చి కూచుంటడు. అప్పటిదాకా ఎవరినీ ముట్టనియ్యకండి. ఎందుకో అడగొద్దు."

"నేనేటి అడుగుతాను తంబీ? చోప్ అంటే చోప్. ఎవుడొచ్చినా కదలనివ్వను."

"మీ పేరు ఎక్కడా రాదు. నాది మాట."

"నా పేరుతో ఎవుడికి పని?" అని నవ్వి, ట్రేలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఒంటిగంటకి తన్మయి వచ్చింది. ప్యాకెట్ పెట్టింది. వెళ్ళిపోయింది.

ఒంటిగంట పదికి నిశాంత్ భయపడ్డ బృందం దిగింది. ఒక కుర్రాడు ప్యాకెట్ మీద చెయ్యేశాడు. బసవయ్య వాళ్ళని మర్యాదగానే సాగనంపాడు. "ఆ సీటు వేరేవోళ్ళది బాబూ, అటు పోయి మకాన్ చెయ్యండి, అక్కడ తినండి," అన్నాడు. "సీటుకి ఆధార్ కార్డు కూడా ఉందా అంకుల్?" అని వాళ్ళు నవ్వుకుంటూ పక్క టేబుల్‌కి పోయారు.

ఒకటీ ఇరవై ఎనిమిది. నీలం చొక్కా వేసుకున్న ఒక మనిషి వచ్చి ఇరవై ఏడులో కూచున్నాడు. మెడలో ఆఫీసు కార్డు తాడు, చేతిలో కొబ్బరి బోండం. ఏ కంపెనీ కన్సల్టెంటయినా అలాగే ఉంటాడు. నిశాంత్ తన మెడలోని ఐడీ కార్డు నొక్కాడు. అందులో డిపార్ట్‌మెంటు వాళ్ళు ప్రత్యేకంగా అమర్చిన కెమెరా ఉంది. అది పచ్చగా వెలగాలి, వెలగలేదు. 'అప్‌డేట్ అవుతోంది' అని చూపించింది.

నిశాంత్ కాలర్ దగ్గరి మైకులో గొణిగాడు. "బిల్డ్ బ్రేక్ అయింది. బిల్డ్ బ్రేక్ అయింది."

"వినేవాళ్ళు లేరు," అంది వెనక నుంచి తన్మయి. ఆమె చేతిలోని పెన్ను అతని పక్కటెముకలకి తగిలింది. "పదిన్నరకే నీ పేరుతో మెసేజ్ పెట్టాను. స్పాట్ మారింది, పాసిర్ రిస్ అని. నీ పోలీసులంతా అక్కడ ఎండలో ఉన్నారు. కదలకు. ఇది పెన్ను కాదని నీకు తెలుసు."

"మనవైపు అనుకున్న."

"నేనెప్పుడూ నా వైపే నిశాంత్. చక్కగా టెస్టింగ్ చేసేవాడివి, నన్నొక్కదాన్నే వదిలేశావు."

నీలం చొక్కా చెయ్యి ప్యాకెట్ మీద పడింది. బసవయ్య, నిశాంత్ చెప్పిన మనిషి వచ్చాడని పక్కకి జరిగి గుడ్డ పిండుకుంటున్నాడు. పన్నెండడుగుల దూరం. నిశాంత్ కదిలితే చస్తాడు, కదలకపోతే కార్డు పోతుంది. మూడు నెలలుగా ఆఫీసులో దాచిపెట్టుకున్న కరీంనగర్ గొంతు ఒక్కసారిగా బయటపడింది.

"అంకుల్! ఇడవకు! గట్టిగ పట్టుకో!"

బసవయ్య ఎందుకని అడగలేదు. గుడ్డ పారేసి టేబుల్ మీద బోర్లా పడ్డాడు. రెండు చేతులా టేబుల్‌ని వాటేసుకున్నాడు, ప్యాకెట్ గుండె కింద పెట్టుకున్నాడు. నీలం చొక్కా లాగాడు, గుద్దాడు. బసవయ్య నోరంతా తెరిచి అరిచాడు.

"చోప్! ఇది చోప్! ఎవుడికీ ఇవ్వను!"

హాకర్ సెంటర్ అంతా తిరిగింది. ముసలాయన్ని కొడుతున్నారని ఒక్కరూ లేవలేదు. నలభై ఫోన్లు మాత్రం లేచాయి. ఒక గూఢచారికి నలభై కెమెరాలను మించిన తుపాకీ లేదు. తన్మయి పెన్ను బ్యాగులో వేసుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గుంపులో కలిసిపోయింది. నీలం చొక్కా ఆఖరి గుంజు గుంజాడు. ప్యాకెట్ చిరిగింది, టిష్యూలు ఎగిరాయి, కార్డు అతని పిడికిట్లోకి వెళ్ళింది. జనంలోంచి తోసుకుని పారిపోయాడు.

ఆ గుంజులాటలో నిశాంత్ కూడా తన సొంత ఫోన్‌తో ఒక ఫొటో తీశాడు. కుడివైపు నీలం చొక్కా ముఖం స్పష్టంగా ఉంది. ఎడమవైపు బసవయ్య ఉన్నాడు. తెరిచిన నోరు, ఊడిన టోపీ, చొంగ.

పోలీసులకి ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాలన్నారు. అప్పటికి వాడు ఏ ట్రైన్లో ఏ మూలకి పోతాడో. నిశాంత్ 'ఎక్స్‌పో బిర్యానీ బ్యాచ్' అనే వాట్సాప్ గ్రూపు తెరిచాడు. బసవయ్యని ఫొటోలోంచి తీసెయ్యడానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆ నాలుగు సెకన్లు అతను ఖర్చు పెట్టలేదు.

'నీలం చొక్కా వాడు దొంగ. కనిపిస్తే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి. అన్ని గ్రూపులకీ పంపండి.'

పంపారు. మనవాళ్ళు ఏ పనైనా రేపంటారు గానీ ఫార్వర్డ్ మాత్రం ఆ క్షణమే చేస్తారు. రెండూ నలభైకి ఫోన్ మోగింది.

"హలో, నా పేరు హేమమాలిని అండీ. ఆ నీలం చొక్కా ఆయన జురాంగ్ ఈస్ట్ మాల్‌లో, కాఫీ షాపులో నా పక్క టేబుల్లోనే ఉన్నాడు. లాప్‌టాప్ తెరిచాడు. ఏదో ఎక్కుతోంది. తొంభై నాలుగు శాతం అని చూపిస్తోంది."

"అమ్మా, మీ చేతిలో ఏముంది?"

"బబుల్ టీ."

"ఆ లాప్‌టాప్ మీద పోసెయ్యండి."

"అయ్యో, పెద్ద గ్లాసండీ. ఇంకా తాగనే లేదు."

"పొయ్యండమ్మా!"

తొంభై ఏడు దగ్గర తెర నల్లబడింది. నీలం చొక్కా లేచి అరిచేసరికి, మాల్ గార్డులు తమ ఫోన్లలో అప్పటికే చూసిన ముఖాన్ని ఎదురుగా చూశారు. పోలీసులు వచ్చేదాకా పట్టుకున్నారు. నాలుగు రాష్ట్రాల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు.

సాయంత్రం ఆరింటికి గ్రూపులో ఎవరో ఆ ఫొటోని కత్తిరించారు. దొంగ దొరికాడు కదా, ఇక వాడి బొమ్మ ఎందుకని నీలం చొక్కాను తీసేశారు. ముసలాయన మిగిలాడు. పైన ఒక లైను రాశారు: 'బిర్యానీలో ఆఖరి లెగ్ పీస్.'

రాత్రికి అది మాదాపూర్ చేరింది. 'అప్రైజల్‌లో నా రేటింగ్.' తెల్లారేసరికి బెంగళూరు, న్యూజెర్సీ. 'ట్రైన్లో కిటికీ సీటు.' వారానికి అది తమిళంలో, మలయ్‌లో, ఇంకా నిశాంత్‌కి చదవడం రాని భాషల్లో తిరిగింది. టీషర్టులు వచ్చాయి. పేరు కూడా వచ్చింది, చోప్ తాత. ఎవరు మొదలుపెట్టారని ఒక వెబ్‌సైటు పరిశోధించి, మూలం తెలియదని తేల్చింది. ఎక్కడెక్కడి రహస్యాలో కనిపెట్టే జనానికి, మొదటి ఫొటో తీసిన మనిషి కనపడలేదు.

"బ్రహ్మాండం," అన్నాడు కేశవరావు ఫోన్లో. "వాడి బొమ్మని నెట్లోంచి తీయించాలని నేను తల పట్టుకున్నాను. జనమే కత్తిరించేశారు."

"సర్, ఆ ముసలాయన..."

"ఏ ముసలాయన? రిపోర్టులో స్థానిక సహాయం లేదని రాయి. తన్మయి సంగతి నేను చూసుకుంటాను."

తన్మయి సంగతి ఎవరూ చూడలేదు. ఆమె ప్రొఫైల్లో 'కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను' అని మాత్రం కనిపించింది.

పదకొండు నెలలు గడిచాయి. నిశాంత్‌ని వెనక్కి పిలిచారు. విమానం ఎక్కేముందు పాసిర్ రిస్‌లో బసవయ్య ఫ్లాటుకి వెళ్ళాడు. వెళ్ళొద్దని ఉత్తర్వు. వెళితే ఏమీ ఒప్పుకోవద్దని అంతకంటే గట్టి ఉత్తర్వు.

బసవయ్య చిక్కిపోయాడు. పని మానేశాడు. మానకేం చేస్తాడు? రోజూ ఎవరో ఒకరు వచ్చి ఎదురుగా టిష్యూ ప్యాకెట్ పెట్టి, "తాతా, ఒక్కసారి చోప్ అని అరువు," అని వీడియో తీసేవారు. ఉగాది సభలో పిల్లలు వరసకట్టి ఫొటోలు దిగారు. ఇప్పుడాయన బయటికి వెళితే ముక్కు దాకా టోపీ లాక్కుంటాడు. మనవరాలు సరయు పాలిటెక్నిక్‌లో చదువుతోంది. స్నేహితుల్ని ఇంటికి తీసుకురావడం మానేసింది.

"తంబీ," అన్నాడు బసవయ్య, మనవరాలి ఎదురుగానే. "ఆ రోజు ఇడవకు అని నువ్వే అరిసినావు. నా చెవులు బాగానే ఉన్నాయి. ఎందుకో చెప్పొద్దు. ఈ పిల్లకి ఒక్క మాట చెప్పు చాలు. తాతకి పిచ్చి పట్టలేదు, ఒకరు చెప్తే చేసినాడు అని."

సరయు నిశాంత్ వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళల్లో ఆశ ఉంది. ఎంత చిన్న మాట! అతనికి గొంతు దాకా వచ్చింది.

"పొరబడ్డట్టున్నారు అంకుల్. ఆ రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను."

సరయు తల దించుకుంది. "సీ తాతా, ఐ టోల్డ్ యూ. నెవర్ మైండ్ లా."

బసవయ్య నిశాంత్‌ని చాలాసేపు చూశాడు. ఆ చూపులో మొదట కోపం కనిపించింది. తరవాత ఏదో అర్థమైనట్టు అది మెత్తబడింది.

"ఔనమ్మా," అన్నాడు మనవరాలితో. "ముసలోణ్ణి గదా, పొరబడి ఉంటాను. ఈ బాబు కాదు." నిశాంత్ వైపు తిరిగి, "అన్నం తిని పో తంబీ," అన్నాడు.

నిశాంత్ తినలేదు. ఆ ఇంట్లో ఇంకో నిమిషం ఉంటే నిజం చెప్పేస్తానని భయం వేసింది. లిఫ్టులోకి వచ్చి గోడకి ఆనుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. కేశవరావు ఒక ఫొటో పంపాడు. టేబుల్‌ని వాటేసుకుని, నోరు తెరిచిన ముసలాయన. పైన 'రిటైరయ్యే రోజున మా బాస్, కుర్చీతో' అని ఉంది.

కింద కేశవరావు సొంత మాట. 'నవ్వి నవ్వి చచ్చానయ్యా! ఎక్కడ దొరుకుతారో ఇలాంటి పిచ్చోళ్ళు!'

నిశాంత్ మూడు నవ్వు ముఖాలు పెట్టి పంపాడు. బాసు జోకుకి నవ్వని ఏజెంటు మీద అనుమానం వస్తుందని శిక్షణలో మొదటి రోజే నేర్పుతారు.