ఆరింటికి పడిపోయే సిగ్నల్

"నెలాఖరుకు బంద్ చేయాలని రూలొచ్చినంక కూడా ఆ తట్ట మిద్దె మీద ఎందుకే? నా వడియాలకు జాగ లేదు!" శ్యామలమ్మ పొద్దుటి నుంచి మూడోసారి అన్నది.

"తట్ట కాదమ్మా, డిష్. ఆ రూల్ మనకు వర్తిస్తదో లేదో ఎవలకూ సమజైతలేదు," అన్నది కూతురు భవిత.

"సమజ్ కానిదాన్ని దించుడే మంచిది," పేపర్ వెనక నుంచి తీర్పు చెప్పాడు తండ్రి బాలరాజ్.

భవితకు హ్యామ్ రేడియో, అంటే సరదాకు సొంతంగా రేడియోలో మాట్లాడుకునే లైసెన్సుంది. ఇబ్రహీంపట్నంలో ఆమె మిద్దె మీది డిష్, అబ్దుల్లాపూర్‌మెట్‌లో అదే రేడియో క్లబ్బులోని అమరేందర్ మిద్దె మీది డిష్ ఎదురెదురుగా చూసుకుంటూ ఉంటాయి. గాలివానకు ఫోన్లు మూగబోయినా ఆ దారిన క్లబ్బు వాళ్ళ మాటలు నడుస్తాయి. ఇప్పుడు సర్కారు ఆ తరంగాలను ఫోన్ కంపెనీలకు ఇస్తోందట, అందుకే ఈ రూలు. క్లబ్బులో ఒకరు దించేయమన్నారు, ఒకరు రేడియో డబ్బా మార్చితే చాలన్నారు, ఇంకొకరు ఆగి చూద్దామన్నారు.

ఆ రెండు డిష్‌ల లింకు పోతే రోజూ వినే అమరేందర్ గొంతు కూడా పోతుంది. ఆ మాట అమ్మకెలా చెప్పడం?

ఇంకో తికమక. రెండు నెలలుగా సాయంత్రం సరిగ్గా ఆరింటికి సిగ్నల్ పడిపోతోంది. ఇరవై నిమిషాలకు దానంతటదే లేస్తోంది. భవిత రెండు కేబుళ్ళు మార్చింది, కొత్త ఫోన్ టవర్‌ను తిట్టింది. అమరేందర్‌ను అడిగితే, "ఏమో, రూల్ ఎఫెక్ట్ కావొచ్చు," అని తప్పించుకున్నాడు.

ఆ సాయంత్రం అతనే పానా పట్టుకుని డిష్ చూడటానికి వచ్చాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. భవిత ల్యాప్‌టాప్ మీద చున్నీ కప్పి సిగ్నల్ గీత చూసింది.

"ఆరు దాటింది. ఇయ్యాల పడిపోలే!"

"మంచిదే కదా," అన్నాడు, బిగించిన బోల్టునే మళ్ళీ బిగిస్తూ.

"నువ్వు ఈడున్న దినమే ఎందుకు పడలే?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా డిష్ ముంగట మనిషి నిలబడితే పడతది గదా."

"ఎవరా మనిషి?"

"ఇబ్రహీంపట్నం దిక్కు చూసుకుంట నిలబడేటోడు."

భవితకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "నేను రెండు కేబుళ్ళు మార్చిన! ఆడికెల్లి మా ఇల్లు కనబడతదా?"

"కనబడది. అయినా."

"రేడియోల చెప్పరాదా?"

"క్లబ్బంత వింటది."

"ఫోన్ లేదా?"

"ధైర్యం లేదు. ఇప్పుడు లింకు కూడా పోతే ఏ సాకు చెప్పి మాట్లాడాలె?"

"సాకెందుకు? ఆదివారం మీ అమ్మ, నాయినను తోల్కొచ్చి మా బాపుతోని మాట్లాడు," అంది, చినుకులు తుడుచుకుంటున్నట్టు ముఖం తిప్పుకుని.

కిందికి వచ్చేసరికి శ్యామలమ్మ చాయ్ పోస్తోంది.

"రూల్ సంగతి తేలిందా?" అడిగాడు బాలరాజ్.

"తేలలే బాపు," అంది భవిత. చాయ్ గ్లాసు అమరేందర్‌కు అందించి, తండ్రి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "తేలేదాక డిష్ దించి పెడతం. అమ్మ వడియాలు పెట్టుకోవచ్చు. ఆదివారం వీళ్ళమ్మ, నాయిన పెండ్లి సంగతి మాట్లాడనీకి వస్తరు. నేనైతే అవ్ అన్న."