గోడ మీద టర్కీలు

చిలకలూరిపేటలో పెళ్ళి చూసుకుని పున్నారావు కుటుంబం నరసరావుపేటలో దిగేసరికి, వాళ్ళ బట్టల కొట్టు పక్కగోడ మీద ముగ్గురు పరాయి ఆడవాళ్ళు తీరిగ్గా కూర్చుని ఉన్నారు.

నిజం ఆడవాళ్ళు కాదు, పెయింటింగు. వదులు పైజామాలు, పొడుగు చొక్కాలు, తలకి పూల రుమాళ్ళు. ఒకామె వంకాయలు తరుగుతోంది. ఒకామె కాళ్ళు మడుచుకుని టీ తాగుతోంది. మూడో ఆమె ఏ పనీ లేకుండా రోడ్డు చూస్తోంది.

పున్నారావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వాళ్ళు లేవలేదు.

"ఒరేయ్ జ్ఞానూ, నేను చెప్పిందేంది, ఈడ ఉందేంది?"

జ్ఞానేశ్వర్ గుటకలు మింగాడు. ఆ కొట్లో టర్కీ అంటే టవలే. "రెండు టర్కీలు ఇవ్వు" అంటే టవళ్ళు తీస్తారు తప్ప ఆ దేశాన్ని ఎవరూ తలుచుకోరు. గోడ మీద వాటి బొమ్మ వేయించే పని తండ్రి ఇతనికి అప్పజెప్పాడు. బొమ్మలేసేది డ్రాయింగ్ టీచర్ జాహ్నవి. ఆ పేరు ఫోన్లో కనబడితేనే మనవాడికి చెమటలు. "టర్కీలు వెయ్యండి, ఆడవాళ్ళవి, రోజువారీవి, సింపుల్‌గా" అని వాయిస్ మెసేజ్ పెట్టి హమ్మయ్య అనుకున్నాడు.

ఇంతలో జాహ్నవే వచ్చింది, చేతి నిండా రంగులతో.

"ఎట్టా ఉన్నారు బాబాయ్‌గారూ మన టర్కీ ఆడవాళ్ళు? రోజువారీ బట్టల్లోనే వేశాను."

ఆమె పున్నారావుని బాబాయ్ అన్నప్పుడల్లా జ్ఞానేశ్వర్‌కి ఆ మాట మింగుడు పడదు. బాబాయ్ కొడుకు ఏమవుతాడో లెక్క తెలిసినవాడు మరి.

పున్నారావు టవల్ సంగతి చెప్పాడు. జాహ్నవి నవ్వు ఆగిపోయింది. జ్ఞానేశ్వర్ వైపు తిరిగింది.

"టవల్ అనే ముక్క ఏమయింది?"

"నోట్లోనే ఉండిపోయిందండీ."

"ఇంకేమన్నా ఉండిపోయినయ్యా?"

చానా ఉన్నాయి. కానీ పక్కన తండ్రి ఉన్నాడు.

రేపే సున్నం కొట్టిస్తానన్నాడు పున్నారావు. కొట్టిస్తే మళ్ళీ ఈ కొట్టు గడప తొక్కనంది జాహ్నవి. జ్ఞానేశ్వర్ ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడ్డాడు. టవల్ పోతే పోయింది, అసలుకే ఎసరొచ్చింది.

ఆదుకున్నది తల్లి రాజ్యలక్ష్మి. ఆవిడ మూడో ఆమెని అదే పనిగా చూస్తోంది. పెళ్ళయి వచ్చాక తను ఇట్లా ఒక్క పూట కూర్చున్న పాపాన పోలేదనీ, ఈమెని చెరిపితే రేపట్నుంచి పొయ్యి వెలిగించేది లేదనీ మొగుడితో తేల్చి చెప్పింది. వంట మాటకొచ్చేసరికి పున్నారావు దిగొచ్చాడు.

ఎవరో ఒకరి భుజం మీద టవల్ వేస్తే సరిపోతుంది కదా అని జ్ఞానేశ్వర్ నసిగాడు.

"వీళ్ళ భుజాన వెయ్యను," అంది జాహ్నవి అతన్ని ఎగాదిగా చూసి. "వేరే భుజం చూస్తా."

మర్నాడు సాయంత్రం అందర్నీ పిలిచింది. బొమ్మలో ఇంకో మనిషి చేరాడు. టీ ట్రే పట్టుకుని నిలబడ్డాడు, భుజాన నీలం టర్కీ టవల్.

"పోగు పోగూ కనబడతంది. చానా బాగుంది," అన్నాడు పున్నారావు. తర్వాత టవల్ పైన ఉన్న మొహం చూశాడు. అచ్చం కొడుకు, గుటకలతో సహా. రోడ్డు చూసే మూడో ఆమె ఇప్పుడు వాడి వైపు చూస్తోంది. ఆ మొహం జాహ్నవిది.

"ఒరేయ్, ఈ కూర్చున్న అమ్మాయికీ నీకూ ఏంది సంబంధం?"

జ్ఞానేశ్వర్ జాహ్నవిని చూశాడు. ఆమె ఎప్పుడో శుభ్రమైన కుంచెనే ఇంకా తుడుస్తోంది. ఈసారి అతని నోట్లో ఏ ముక్కా ఉండిపోలేదు.

"నాకు ఈ అమ్మాయంటే చానా ఇష్టం నాన్నా. ఆ సంబంధమే నువ్వెళ్ళి మాట్లాడి రావాలి."

పున్నారావు నోరు తెరిచాడు. రాజ్యలక్ష్మి అతని వైపు ఒక చూపు చూసేసరికి మూసేశాడు. అప్పుడు జాహ్నవి కుంచె పక్కన పెట్టి, తల ఎత్తకుండానే అంది:

"మా నాన్న ఇప్పుడు ఇంట్లోనే ఉంటారు, మావయ్యగారూ."